ఒక్క కప్పు మిషను

లాయరుగారి ఆఫీసులో చేరిన నాటి నుంచి రిటైరయ్యే దాకా అందరి చేతా టైపిస్టమ్మ అనిపించుకున్నదాన్ని, మేనల్లుడికి పెద్దత్తను, చెల్లెలికి అక్కను (ఈ మధ్య ఆ పిలుపు కూడా లేదు) అయిన నేను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా సొంత టైపు మిషను మీద నా సొంత వేళ్ళతో కొట్టుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగానే ఉంది. ప్రశాంతంగా ఉందని మాత్రం రాయను. పొద్దున కాఫీ మిషను దగ్గర జరిగినదానికి ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. అయినా చట్టం అడిగేది మతి ఉందా అని, కోపం ఉందా అని కాదు.

ఎల్లుండి నాకు గుండె ఆపరేషను. ఇవాళ మధ్యాహ్నం ఆసుపత్రిలో చేరాలి. గుండెలో ఒక కవాటం సరిగ్గా తెరుచుకోవడం లేదట, సున్నం పేరుకుందట. డాక్టరు ఆ మాట అనగానే నాకు ప్రాణభయం కంటే ముందు మా వంటింటి గట్టు మీది కాఫీ మిషను గుర్తొచ్చింది. దానికీ అదే రోగం. దానికైతే ఆరంజి లైటు వెలుగుతుంది, నాకు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది.

వీలునామా రాసుకుంటానంటే చిన్న లాయరు నవ్వాడు. "రెండు లైన్లు చాలు టైపిస్టమ్మా, ఉన్నదంతా చెల్లెలికి అని కొట్టి సంతకం పెట్టేయండి" అన్నాడు. కాఫీ మిషను సంగతి కూడా రాయాలంటే, అలాంటివి వీలునామాలో రాయరన్నాడు. ఎందుకు రాయరు? కోడలు ముట్టుకోకూడని గాజులు, పెద్దకొడుక్కి దక్కకూడని గొడుగు, పక్కింటివాళ్ళు అడిగినా ఇవ్వకూడని నిచ్చెన, అన్నీ ఈ చేతులతోనే కొట్టాను. ఊళ్ళోవాళ్ళందరి మనసులో మాటలూ కొట్టిపెట్టాక నా వంతుకి రెండు లైన్లా! కుదరదు.

ఒకటి. నా తదనంతరం ఈ వీలునామాను అమలు జరపవలసిన బాధ్యత చిన్న లాయరుది. పెద్ద లాయరుగారు ఉండి ఉంటే ఆయనకే అప్పజెప్పేదాన్ని. ఈయనకు తొందరెక్కువ. 'తదనంతరం' అన్న మాటను ఇప్పటికీ ఒత్తు పెట్టి 'తధనంతరం' అని రాసిస్తాడు. దిద్దేదాన్ని నేను వచ్చేశాక ఆ ఆఫీసు నుంచి ఎన్ని ఒత్తులు బయటికి పోతున్నాయో తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది. కాబట్టి అట్ట ఊడిన నా నిఘంటువు చిన్న లాయరుకు చెందవలసినది. దాన్ని బల్ల కాలు కింద ఎత్తుకి పెట్టకుండా, అప్పుడప్పుడు తెరిచి చూడవలసినది.

ఇందులోనే ముఖ్యమైన షరతు ఒకటి. ఈ వీలునామా వల్ల ఏదైనా చెందబోయేవారు ఎవరూ దీనిమీద సాక్షిగా సంతకం పెట్టకూడదు. పెడితే వాళ్ళకు రాసినది వాళ్ళకు రాకుండా పోతుంది. మా ఆఫీసులో ఒక పెద్దమనిషి అల్లుడు ఇలాగే, లాయరుగారు లోపలి గదిలో ఫోనులో ఉండగా, "సాక్షి కావాలా? నేనున్నానుగా" అంటూ నా చేతిలో పెన్ను లాక్కుని గిలికేశాడు. మామగారు తన పేర రాసిన రెండంతస్తుల కొట్టు ఆ గిలుకుడుతో హుళక్కి అయింది. ఆ కథ నా చెల్లెలికి కంఠతా వచ్చు. పూర్వం కాఫీ కాగుతుండగా గట్టెక్కి కూర్చుని, "పెన్ను లాక్కోవడం దగ్గర్నుంచి మళ్ళీ చెప్పవే అక్కా" అని చెప్పించుకుని పడీపడీ నవ్వేది. సాక్షులుగా కింది వాటాలో ఉండే టైలరు, ఆయన భార్య వస్తామన్నారు. వాళ్ళకి నేనేమీ రాయడం లేదు. నా జాకెట్లు బిగుతుగా కుట్టినందుకు అదే శిక్ష.

రెండు. మూడో అంతస్తులో రెండు గదులు, వంటిల్లు, బట్టలారేసుకునే వరండా గల ఈ వాటా మా అక్కచెల్లెళ్ళిద్దరిదీ. ఇందులో నా సగభాగం సర్వహక్కులతో, దాన విక్రయాధికారాలతో నా చెల్లెలికి చెందవలసినది. తను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. పొద్దస్తమానం నిలబడి, వచ్చినవాళ్ళ ముక్కులకు తగ్గట్టు ఫ్రేములు వంచుతూ, "మీ మొహానికి ఇదే బాగుందండీ" అంటూ ఉండాలి. ఇంటికొచ్చేసరికి తన దగ్గర మాటలు మిగలవు. అది నాకు తెలుసు. తెలిసినా కోపం రాక మానదు, నేను పగలంతా గోడలతో మాట్లాడుకుంటున్నాను గనక.

షాపు మీద ఒక గది ఖాళీ అయిందనీ అందులోకి పోతాననీ మొన్నటి గొడవలో అంది. గొడవ సంగతి కింద వస్తుంది. పోతే పోనీ. తను ఈ ఇంట్లో ఉన్నా, ఆ గదిలోకి పోయినా, నా భాగం తనదే. దీన్ని ఎవరూ వేరే విధంగా అన్వయించకూడదు.

ఈ కాగితం కొడుతుంటే పక్క గదిలో సంచీ సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. నా సంచీ నేను నిన్ననే సర్దుకున్నాను. ఇవాళ తను షాపుకి వెళ్ళలేదు, ఎందుకు వెళ్ళలేదో చెప్పలేదు. బీరువా తలుపు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. ఇవాళే పోవాలా? ఒక్క రోజు ఆగితే కొంపలేం మునిగిపోవుగా! నేనడగను. అడిగితే బతిమాలినట్టుంటుంది.

మూడు. ఇక వంటింటి గట్టు మీద, పొయ్యికి ఎడమపక్కన ఉన్న కాఫీ మిషను. చెప్పుల డబ్బాను నిలబెట్టినంత ఉంటుంది, గొంతు మాత్రం రోడ్డు తవ్వే యంత్రానిది. నేను రిటైరైనప్పుడు మా తమ్ముడి కొడుకు కొనిచ్చాడు. "పెద్దత్తా, ఇంక పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. బటన్ నొక్కు, తాగు, అంతే" అన్నాడు. అంతే అన్నది పచ్చి అబద్ధం. వెనకాల తొట్టిలో నీళ్ళు పోయాలి. మూత ఎత్తి, కాఫీపొడి నింపిన చిన్న డబ్బీ, దాన్ని క్యాప్సూల్ అంటారు, వెయ్యాలి. పిడి కిందికి నొక్కాలి, అది నా బలానికి సగం దాకా వచ్చి ఆగుతుంది. లైటు మిణుకుమంటుంది, మానేదాకా కాచుకోవాలి. నొక్కితే ఇల్లంతా అదిరి, ఎదురింటావిడ తలుపు తీసి చూసి, చివరికి వచ్చేది గొంతు తడిసేపాటి కాఫీ. వాడేసినవి పడే డబ్బా నిండితే పని చెయ్యదు, నిండిందని చెప్పదు. తొట్టి నిండా నీళ్ళున్నా నీళ్ళు లేవంటుంది. తీసి మళ్ళీ పెడితే, ఓ, ఉన్నాయే అంటుంది. ఆఫీసులో ఇలాంటి గుమస్తా ఉంటే నెల తిరక్కుండా ఇంటికి పంపేవాళ్ళు.

మిషన్లంటే నాకు పడవని ఎవరూ అనుకోవద్దు. ఈ టైపు మిషనుతో ఒక జన్మ గడిపాను. ఏ అక్షరం కొడితే ఆ అక్షరం పడుతుంది, తప్పు కొడితే తప్పు పడుతుంది. దాని బుద్ధి దాని మొహం మీదే ఉంటుంది.

నా అసలు ఫిర్యాదు వేరు. ఈ కాఫీ మిషను ఒకసారికి ఒక్క కప్పే పోస్తుంది. ఒకరి కప్పు నిండేదాకా రెండోవాళ్ళు ఆగాలి. ఆగేవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడతారా? స్నానానికి పోతారు, పేపరు తీస్తారు, బట్టలారేస్తారు. రెండో కప్పు వచ్చేసరికి మొదటి కప్పు తాగడం అయిపోతుంది. ఇది వచ్చాక నేనూ నా చెల్లెలూ ఒక్క పూట కూడా కలిసి కాఫీ తాగలేదు. ఈ సంగతి మేనల్లుడికి చెబితే, "రెండోది కూడా కొనిస్తాను పెద్దత్తా" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కాబట్టి ఈ మిషను, తీగతో సహా, నా మేనల్లుడికే తిరిగి చెందవలసినది. వాడు నాకు చేసిన మేలు నేను వాడికి చేస్తున్నాను.

నాలుగు. అలమారలో ఉన్న క్యాప్సూల్స్ కూడా మిషనుతో పాటే వెళ్ళాలి. ఊదా రంగువి ఘాటుగా ఉంటాయని వాడన్నాడు, లేవు. వీటి మూలంగా మొన్న ఆసుపత్రిలో నా పరువు పోయింది. డాక్టరు, "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగాడు. లేదన్నాను. "బిళ్ళలు, క్యాప్సూల్స్, ఏవైనా?" అన్నాడు. రోజుకి మూడు క్యాప్సూల్స్ వేస్తాను, మా చెల్లెలు నాలుగు వేస్తుంది అన్నాను. ఏ రంగువని అడిగాడు. పొద్దున ఊదా, సాయంత్రం బంగారు రంగు అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. ఎవరు రాసిచ్చారని అడిగితే, మా మేనల్లుడు పండగ సేల్లో కొన్నాడని చెప్పాను. ఆ తర్వాత నర్సులందరూ వచ్చి నన్ను చూసిపోయారు. ఇంటికొచ్చి ఈ ముక్క ఎవరికి చెప్పుకోను? చెల్లెలికి చెబితే గట్టు మీంచి పడేంత నవ్వేది. అప్పటికే మాకు మాటల్లేవు. ఇంత మంచి సంగతి కడుపులోనే ఉండిపోయింది. కనీసం ఈ కాగితంలోనైనా చదువుతుందని ఇక్కడ చేర్చాను.

ఐదు. గొడవ సంగతి. మిషనుకి ఉన్నది ఒక్కటే బటను. ఊరికే నొక్కితే, దానికి గుర్తున్న కొలత పోసి ఆగుతుంది. నొక్కి పట్టుకుంటే, వదిలేదాకా పోసి, ఇక మీదట అదే కొలత అని గుర్తు పెట్టుకుంటుంది. ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు. మేనల్లుడు అంతే అన్నాడుగా.

నా కప్పు చిన్నది, నాకు కాఫీ చిక్కగా ఉండాలి. తన కప్పు బావిలా ఉంటుంది, తనకు పల్చగా, నిండుగా ఉండాలి. చాలలేదని తను బటను పట్టుకుని నిలబడేది. మర్నాడు నేనొచ్చి నొక్కితే కప్పు నిండి, సాసరు నిండి, కింది పళ్ళెం నిండి, గట్టు మీంచి నా చీర మీదికి కాఫీ. ఆపుదామని కంగారుగా బటను పట్టుకుని వదిలేదాన్ని. అంతే, ఇప్పుడు దాని బుర్రలో నేను పట్టుకున్న ఆ కాసేపటి కొలత. సాయంత్రం తను వచ్చి నొక్కితే బావి అడుగున గుక్కెడు. మిషను పాడైందని నేను, నేనే పాడు చేశానని తను. "నీకు రిటైర్మెంటొచ్చింది, నాకు రాలేదు. పొద్దున్నే ఈ తలనొప్పి నేను పడలేను" అంది. "నీ కప్పు బకెట్టంత ఉంటే తప్పు మిషనుదా" అన్నాను. అక్కణ్ణుంచి మాటా మాటా పెరిగి, ఆ షాపు మీది గది దాకా వెళ్ళింది. మెకానిక్కును పిలిపించాం. కుర్చీ లాక్కుని కూర్చుని, నన్ను ఓసారి నొక్కమన్నాడు, తనను ఓసారి నొక్కమన్నాడు. చూసి, "మిషను బాగానే ఉందమ్మా. మీరిద్దరే మాట్లాడుకోవట్లేదు" అన్నాడు.

వెయ్యి దండాలు పెట్టాల్సిన మాట. మేము పెట్టలేదు. తను తలుపు వేసుకుంది, నేను టైపు మిషను ముందు కూర్చున్నాను. అప్పటి నుంచి గ్యాసు అయిపోయిందనీ కరెంటు పోయిందనీ తప్ప మా మధ్య మాటల్లేవు. కొలతల యుద్ధం మాత్రం నడుస్తూనే ఉంది. ఈ పొద్దున కూడా, ఆసుపత్రికి వెళ్ళడానికి కట్టుకున్న చీర మీద మిషను కాఫీ పోసింది.

ఆరు. అడుగు నల్లబడి, పిడి వదులైన కాఫీ గిన్నె. అది గట్టు కింది అరలో, పాత పేపర్ల వెనకాల ఉంది. దాన్ని పారేశానని మేనల్లుడికి చెప్పాను, పారేయలేదు. అది నా చెల్లెలికి చెందవలసినది. ఆ గిన్నెలో సరిగ్గా రెండు కప్పుల కాఫీ కాగుతుంది, ఒక్క కప్పు కాద్దామంటే అడుగంటుతుంది. అది పొంగే లోపల మాట్లాడుకున్నంత మేము మరే పనిలోనూ మాట్లాడుకోలేదు. షాపు యజమాని విసుగు, నా ఆఫీసు తగాదాలు, అమ్మ పోయాక ఎవరు ఎక్కడ పడుకోవాలన్న సంగతి, తను పెళ్ళి వద్దనుకున్న సంగతి, అన్నీ ఆ పొయ్యి దగ్గరే తేలాయి. పొయ్యి దగ్గర నిలబడే పని తప్పించానని వాడు మురిసిపోయాడు. నాకు కావలసింది ఆ నిలబడడమేరా అబ్బాయీ.

షరతు: ఈ గిన్నెను తోమి తళతళలాడించకూడదు. పిడికి స్క్రూ బిగించవచ్చు. తన దగ్గర కళ్ళజోళ్ళ స్క్రూడ్రైవరు ఉంది.

ఏడు. టైపు మిషను కూడా చెల్లెలికే. తనకి టైపు రాదు, దుమ్ము దులిపితే చాలు. నా కళ్ళజోడు కూడా తనకే తిరిగి చెందాలి, ఎందుకంటే అది తన చేతిదే. దాని కాడ వదులై ముక్కు మీంచి జారుతుండేది. మాటల్లేని రోజుల్లోనే ఒక పొద్దున లేచి చూస్తే కాడ బిగించి, అద్దాలు తుడిచి, టైపు మిషను మీద పెట్టి ఉంది. ఎవరు బిగించారో నేనడగలేదు. ఈ ఇంట్లో ఉండేది ఇద్దరమే. దాన్ని పెట్టుకునే ఇదంతా కొడుతున్నాను.

నా గొడుగు, చెప్పులు ఎవరికి పనికొస్తే వారికి. పై వాటావాళ్ళు వాళ్ళ బట్టల నీళ్ళు మా వరండాలో కారకుండా చూసుకోవాలి. ఇది బతికుండగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది, పోయాకైనా వింటారేమో.

ఎనిమిది. మూడో క్లాజులో మిషను మేనల్లుడికని రాశాను. మొదటి నుంచి మళ్ళీ కొట్టే ఓపిక లేదు. ఒకే కాగితంలో రెండు మాటలుంటే చివర రాసినదే చెల్లుతుంది కాబట్టి ఇక్కడ మార్చుకుంటున్నాను. మిషను కూడా నా చెల్లెలికే చెందవలసినది. తను దాన్ని ఇష్టపడుతుంది, వాడు ప్రేమగా ఇచ్చాడంటుంది. నేను లేకపోతే దానికి ఒక్క కొలతే గుర్తుంటే చాలు. తను ఆ బావి నిండేదాకా బటను పట్టుకుని, వదిలేయవచ్చు. మళ్ళీ మార్చేవాళ్ళు ఉండరు. పొద్దున లేచి నొక్కగానే ప్రతి రోజూ కప్పు సరిగ్గా నిండుతుంది. ఆ నిండిన కప్పు చూసినప్పుడు తనకి ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఈ వాక్యం కొట్టేటప్పుడు నాకు బాగాలేదు.

ఇది నేను నా ఇష్టప్రకారం రాసుకుని, పై నుంచి కింది దాకా చదువుకుని, తప్పులు దిద్దుకుని చేసిన సంతకం.

తేదీ: ఈ నెల పద్నాలుగు, బుధవారం, మధ్యాహ్నం.

సంతకం: టైపిస్టమ్మ

సాక్షుల జాగా దగ్గర జరిగినది చేత్తో రాస్తున్నాను, మళ్ళీ టైపు మిషనులో కాగితం ఎక్కించే టైము లేదు. కింద కారులో మేనల్లుడు హారన్ కొడుతున్నాడు. టైలరు, ఆయన భార్య రాలేదు, ఎవరివో పెళ్ళిబట్టలు అయిపోలేదట. మిషనుకి పట్టిన సున్నం తీయడానికి మెకానిక్కు మాత్రం వచ్చాడు. ఇవాళే రమ్మని ఫోను చేసింది చెల్లెలట. ఆయన దాన్ని విప్పి గట్టంతా పరిచాడు. ఇంక కాఫీకి దిక్కు లేదు. అప్పుడు తను వంగి, పాత పేపర్ల వెనకనుంచి గిన్నె తీసి పొయ్యి మీద పెట్టింది. ఎక్కడుందో తనకి మొదట్నుంచీ తెలుసన్నమాట! నేను పక్కన నిలబడ్డాను. కాఫీ పొంగిపోయింది, పంచదార ఎక్కువైంది, రెండు కప్పులూ ఒకేసారి నిండాయి.

మెకానిక్కు మొదటి సాక్షిగా సంతకం పెట్టాడు. రెండో సాక్షి కోసం ఎదురింటావిడను పిలుద్దామని లేచాను. ఈలోగా తను గట్టెక్కి కూర్చుని ఈ కాగితాలన్నీ చదివింది. డాక్టరు ముక్క దగ్గర నవ్వింది. ఎనిమిదో క్లాజు దగ్గర నవ్వలేదు. తర్వాత నా చేతిలో పెన్ను లాక్కుంది, అచ్చం ఆ అల్లుడు లాక్కున్నట్టే. వద్దే, వద్దే అంటూనే ఉన్నాను. ఇల్లు పోతుందే, గిన్నె పోతుందే, సగానికి పైగా రాసింది నీకే కదే అని మొత్తుకుంటూనే ఉన్నాను. వింటేనా! పెట్టేసింది. ఇప్పుడు చట్టప్రకారం ఈ కాగితం వల్ల నా చెల్లెలికి చెంచా కూడా రాదు. ఇంత కష్టపడి కొట్టిన కాగితం మొత్తం దండగ. ఆసుపత్రికి వెళ్ళే మనిషిని ఇలా ఏడిపిస్తారా ఎవరైనా?

ఆ సంచీ షాపు మీది గదికి కాదు. నా సంచీ పక్కనే, తలుపు దగ్గర పెట్టి ఉంది.

మొదటి సాక్షి: కాఫీ మిషను మెకానిక్కు.

రెండో సాక్షి: చెల్లెలు. మొత్తం చదివాను. తెలిసే పెట్టాను. ఇది చెల్లదు కాబట్టి, ఇంటికొచ్చి మళ్ళీ టైపు చేసుకోవే అక్కా.